ట్రేలో మిగిలిన మేత

సెమిస్టరు చివర పిల్లలు వేసే మార్కుల్లో కరుణాకుమారికి ఐదుకు నాలుగు పాయింట్ తొమ్మిదికి ఎప్పుడూ తగ్గలేదు. ఒక ఏడాది కాదు, వరసగా పదకొండేళ్ళు.

విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక కాగితం పంచేవాళ్ళు. అందులో పన్నెండు ప్రశ్నలు. టీచరు వేళకు వస్తున్నారా, సిలబస్ పూర్తి చేశారా, అర్థమయ్యేలా చెబుతున్నారా. ప్రశ్న పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. పిల్లలు ప్రశ్నలు చదివేవాళ్ళు కాదు. ఐదు మీద సున్నా చుట్టుకుంటూ పైనుంచి కిందికి దిగిపోయి, కాగితం ఇచ్చేసి బస్సుకు పరిగెత్తేవాళ్ళు. ఆ మార్కుల కాగితాలన్నీ కరుణాకుమారి ఒక నీలం ఫైలులో దాచుకుంది. కాంట్రాక్టు లెక్చరరుకు ఏటా జూన్‌లో ఉద్యోగం మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. ఆ ఫైలు ఉంటే ఆమెకు ధైర్యం.

ఆమె చనిపోయి రెండేళ్ళవుతోంది. ఉత్త పొగడ్త ఆమెకు ఎక్కేది కాదు కాబట్టి ఆమె ఓడిపోయిన దగ్గర్నుంచే చెప్పుకురావాలి.

కోవూరులో పుట్టింది. తండ్రి లాజరస్ టైలరు. సాయంత్రం మిషను ఆపాక కూతుర్ని అరుగు మీద నిలబెట్టి ఇంగ్లీషు బైబిలు గట్టిగా చదివించేవాడు. ఆయనకు ఒక్క ముక్క రాదు, అయినా తల ఊపుతూ వినేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. భాష అంటే ఒకరు బాగా మాట్లాడటం, మిగతావాళ్ళు వినడం అని ఆ పిల్లకు అప్పుడే నాటుకుపోయింది. పెద్దయి, మనుబోలు దారిలో హైవే పక్కనున్న విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, ఎమ్‌కాం పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే కోర్సు చెప్పడానికి చేరినప్పుడు కూడా ఆమె చేసింది అదే. నిలబడి, అందంగా, ఎక్కడా తడబడకుండా యాభై నిమిషాలు మాట్లాడేది. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

ఒక మార్చి నెలలో తడ వైపు నుంచి ఒక కంపెనీ వచ్చి ఇంటర్వ్యూలు పెట్టింది. అది ముగిసిన మూడో రోజు శాఖాధిపతి సుశీల్ కుమార్ ఆమెను పిలిచారు. ఆయన మంచివారే. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ రోజు రెండుసార్లు తుడిచారు.

"ముప్పై ఎనిమిది మంది పోయినారమ్మా. ఒక్కడు గట్టెక్కినాడు. వాడు కూడా చెన్నైలో పెరిగినోడు."

"పరీక్షలో అందరూ పాసే గదా సార్."

"రాతపరీక్షలో. ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగింది, మీ ఊరి గురించి నాలుగు ముక్కలు చెప్పమని. మనోళ్ళు నేల చూసినారంట. ఆ కంపెనీ ఆయన నాకు ఫోన్ చేసి, మీ పిల్లలకు మాటలు రావా సార్ అంటే నాకు ఏం చెప్పాల్నో తెలీలా."

కరుణాకుమారి నీలం ఫైలు బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు.

"ఇదే నాకు అర్థం కానిది. మీకేమో నూటికి తొంభై ఎనిమిది. పిల్లలకేమో సున్నా. ఇంతకీ పాఠం ఎవరికి చెప్తుండాం మనం?"

కోర్సులు చూసే కమిటీ అప్పటికే ఒక మాట అనుకుంది. ఈ కోర్సును చెన్నైలోని ఒక సంస్థకు అప్పగిస్తారు. పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని వీడియోలు చూస్తారు. కరుణాకుమారి కాంట్రాక్టు పొడిగించరు. ఆమె ఫైలు వెనక్కి తీసుకుని, ఒక్క సెమిస్టరు అడిగింది. ఆయన కిటికీలోంచి చూసి చూసి ఒప్పుకున్నారు.

"డిసెంబరులో బయటివాళ్ళను పిలిపిస్తా. అరవై మందిలో నలభై మంది తడుముకోకుండా మూడు నిమిషాలు మాట్లాడాల. నలభై. ముప్పై తొమ్మిది అయితే నన్ను అడగొద్దు."

ఆగస్టులో కొత్త తరగతి మొదలైంది. తన పాఠంలో ఏం లోపముందో పిల్లల్నే అడగాలనుకుంది. మూడో వారంలో తెల్లకాగితాలు పంచి, పేర్లు రాయొద్దనీ, నచ్చనిది నిర్భయంగా రాయమనీ చెప్పి బయటికి వెళ్ళి నిలబడింది. సాయంత్రం బస్సులో ఆ కాగితాలు తిరగేసింది. "మేడం చాలా బాగా చెబుతారు. ఏ లోపమూ లేదు." అరవై కాగితాల మీదా అదే మాట. అరవై మీదా ఒకటే దస్తూరి, ముత్యాల్లాంటి దస్తూరి.

మర్నాడు క్లాసు లీడరు మధుబాబును నిలదీసింది. వాడు గోడ వైపు చూశాడు.

"వాణి రాసింది మేడం."

"అరవై మందివీ?"

"ఎవరి చేతిరాత వాళ్ళు రాస్తే మీకు తెలిసిపోతుందని భయపడినారు. వాణి రాత అందరికన్నా బాగుంటాది గదా. పైగా ఎవరిదైనా తేడాగా వస్తే మీరు బాధపడతారని..."

"వేళ్ళు నొప్పి పుట్టినాయి మేడం," అంది వాణి వెనకనుంచి. తరగతంతా నవ్వింది. కరుణాకుమారి కూడా నవ్వింది కానీ, స్టాఫ్ రూములోకి వెళ్ళాక ఏడుపొచ్చింది. ఇంకా పద్నాలుగు వారాలుంది.

ఆ నెలలోనే పెంచలకృష్ణ అనే కుర్రాడు రావడం మానేశాడు. నలభై మంది కావాల్సినప్పుడు ఒక్కడు పోయినా నష్టమే. వాడిది వాకాడు పక్కన ఒక పల్లె. ఆ దగ్గర్లోనే కరుణాకుమారి పిన్నమ్మ రెబెక్కమ్మ ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆమెను చూసిపోదామని బయల్దేరి, దారిలో పెంచలకృష్ణ వాళ్ళ రొయ్యల గుంట దగ్గర ఆగింది. నీళ్ళల్లో గాలి కొట్టే ఏరియేటర్లు తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. కుర్రాడు మేత బస్తా విప్పుతున్నాడు. మేడం కనపడగానే బస్తా కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

వాడి తండ్రి మస్తానయ్య గట్టు మీద నుంచే పలకరించాడు.

"మావాడు చదవడం లేదని చెప్పడానికి ఇంత దూరం వచ్చినారా మేడం? ఆ ముక్క ఫోన్లో చెప్తే పోలా?"

"చదువుతాడు. మాట్లాడడు. అది చెప్దామని వచ్చినా."

"ఇంట్లో కూడా మాట్లాడడు లేండి. వాళ్ళమ్మ మాట్లాడతానే ఉంటాది. వాడికి సందు దొరకదు."

గుంట అరవై రోజుల పంట మీద ఉంది, పనివాడు మానేశాడు, అందుకే కొడుకుని ఉంచుకున్నాడు. ఇంకో వారంలో పంపిస్తానని మాటిచ్చాడు. ఆ మాటల మధ్యలోనే చేతి గడియారం చూసుకుని, కర్రల వంతెన మీదుగా నీళ్ళల్లోకి నడిచి, ఒక తాడు పట్టి లాగాడు. ఇనప చట్రానికి వల బిగించిన పళ్ళెం లాంటిది పైకొచ్చింది. అందులో నాలుగు రొయ్యలు ఎగిరిపడుతున్నాయి. అడుగున మేత గింజలు గుప్పెడు మిగిలాయి. ఆయన మొహం చిట్లించాడు.

"మిగిలింది. మధ్యాన్నం కోటా తగ్గించరా," అని కొడుక్కి కేకేశాడు.

"ఏంది అది?" అని అడిగింది కరుణాకుమారి.

"చెక్ ట్రే మేడం. గుంటంతా మేత చల్లినాక ఇందులో కూడా చారెడు వేసి దింపుతాం. గంటన్నరకు ఎత్తి చూస్తాం. ఖాళీ అయిందంటే తిన్నాయని. మిగిలిందంటే ఏదో తేడా. ఎండ ఎక్కువైందా, నీళ్ళు బాలేదా, మేతే ఎక్కువైందా, చూసుకోవాల. మిగిలినది ఊరికే ఉండదు. అడుగున కుళ్ళి గుంటనే చంపుతాది."

"నాలుగు మూలలా తాళ్ళు కనపడుతున్నాయే."

"ఒక మూల చూసి గుంటంతా తిన్నదనుకుంటే మునుగుతాం." ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని, వీపు పొడుగునా ఉన్న నల్లటి గీత చూపించాడు. "కడుపు నిండినట్టు ఇది చెప్తాది. రొయ్యని కూర్చోబెట్టి మేత ఎట్టుందమ్మా అని అడిగితే చెప్తుందా?"

కరుణాకుమారి వంతెన అంచు దాకా వచ్చి ఆ రొయ్యను దగ్గర్నుంచి చూసింది.

"మొదటి పంటకు నేను ఈ ట్రేలు ఎత్తలేదు మేడం," అన్నాడు మస్తానయ్య, గొంతు తగ్గించి. "బస్తాలకు బస్తాలు పోసినా. ఇంత మేపుతుండా గదా, పెరగక ఏం చేస్తాయి అనుకున్నా. ఎత్తి చూడాలంటే భయం. నిండుగా ఉంటే ఏం చేయాల్నో తెలీదు గదా. రెండెకరాల గుంటలో రొయ్యలన్నీ తెల్లారేసరికి చచ్చి తేలినాయి."

ఆమె ఆ రోజు పిన్నమ్మ ఇంటికి పోయి అన్నం తిన్నదే గానీ, రెబెక్కమ్మ ఏం వడ్డించిందో తర్వాత అడిగితే చెప్పలేకపోయింది.

నెల్లూరులో నాలుగు ప్లాస్టిక్ ట్రేలు కొని, సోమవారం తరగతి గదిలో నాలుగు మూలలా పెట్టింది. పాఠం పది నిమిషాల ముందే ఆపింది. టీచరు ఎలా చెబుతున్నారో ఎవరూ రాయనక్కర్లేదంది. ఈ రోజు చెప్పినదాంట్లో నీ నోటికి రానిది ఏది, ఎందుకు రాలేదు, అది రాయమంది. తెలుగులో రాసినా సరే, పేరొద్దు.

పిల్లలు కలాలు పట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. చేతిరాత భయం మళ్ళీ వచ్చింది. మధుబాబు లేచాడు.

"మేడం, ఒకరిది ఒకరు రాస్తే? నాది గంగాభవానికి చెప్తా, ఆ పిల్ల రాస్తాది. ఆ పిల్లది నేను రాస్తా. అప్పుడు ఏ రాత ఎవరిదో మీరు కనిపెట్టలేరు."

"అయితే నా చేతికి రెస్టు," అంది వాణి.

గది గుసగుసలతో నిండిపోయింది. తనకు రానిది ఏదో పక్కవాడికి విడమరిచి చెప్పాలి కాబట్టి, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా నోరు విప్పారు. అయినా మొదటి వారమంతా ట్రేల్లో పడిన చీటీలు పిరికివే. ఒక పదం పలకడం రాలేదని, ఇంకో పదానికి అర్థం మర్చిపోయామని. ఆమె మర్నాడు ఉదయం ఆ చీటీలు తరగతిలో చదివి, ఏది మారుస్తుందో చెప్పి, ఆ రోజే మార్చేది. చెప్పినట్టు మారుస్తోందని చూశాక చీటీల రంగు మారింది.

"స్టేషన్లో టికెట్ కొనే సంభాషణ ఎందుకు మేడం, మా ఊరికి రైలే లేదు," అని ఒకటి వచ్చింది. ఆమె ఆ పాఠం పక్కన పెట్టి, వడ్లలో తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపితే రైతు ఎలా వాదించాలో ఇంగ్లీషులో ఆడించింది. కోవూరు వైపు పిల్లలు ఆ రోజు చెలరేగిపోయారు.

తర్వాత, అక్టోబరు వానల్లో, వెనక కుడి మూల ట్రేలోంచి ఒక చీటీ వచ్చింది.

"మేడం ప్రశ్న అడుగుతారు. నేను మనసులో తెలుగులో జవాబు అనుకుని, ఇంగ్లీషులోకి మార్చుకుని, నోరు తెరిచేలోగా మేడమే జవాబు చెప్పేస్తారు. రోజూ ఇంతే. నాకు వచ్చో రాదో నాకే తెలీడం లేదు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరు రాశారా అని ఇంటికొచ్చాక కూడా ఆ చేతిరాత పట్టుకుని కూర్చుంది. రాసింది ఒకరు, చెప్పింది ఇంకొకరు కాబట్టి కనిపెట్టలేకపోయింది. నిజమేనా అన్న అనుమానం మాత్రం పోలేదు. మర్నాడు ఫోనులో తన పాఠం రికార్డు చేసి, వంటింట్లో చింతపండు పిసుకుతూ విన్నది. యాభై నిమిషాల్లో నలభై నాలుగు నిమిషాలు తన గొంతే. ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఒక్క ఊపిరి కూడా లేదు. మధ్యలో ఒక ఆడపిల్ల గొంతు ఏదో మొదలుపెట్టింది. దాని మీద నుంచి తన గొంతు దొర్లుకుంటూ పోయింది.

చేతులు కడుక్కుని, ఆ చోటు మళ్ళీ విన్నది. ఆమె భర్త ఫ్రెడ్డీ ట్రంకు రోడ్డులో బ్యాటరీల షాపు నడుపుతాడు. భోజనానికి వచ్చి, సంగతి విని, కంచం ముందు కూర్చున్నాడు.

"ఆ చీటీ నేను రాయలేదు, దేవుని తోడు," అన్నాడు. "ఇంట్లో ఇరవై ఏళ్ళ నించి రాద్దామనుకుంటుండా."

"నేను అంత మాట్లాడతానా?"

ఫ్రెడ్డీ జవాబు చెప్పబోయాడు.

"మాట్లాడతానేమోలే," అంది ఆమె.

"చూసినావా?" అన్నాడు ఫ్రెడ్డీ.

ఆ రాత్రి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. ఆ రోజు పాఠంలో తాను ఏం చేసింది, పిల్లలు ఏం చేశారు, రేపు ఏం మార్చాలి. నాలుగైదు వాక్యాలు, అంతే. మొదటి పేజీలో ఒకటే మాట ఉంది: "రేపు పది లెక్కపెట్టాలి."

మర్నాడు ఆ చీటీని తరగతిలో గట్టిగా చదివింది.

"ఇది రాసినవాళ్ళు నిజం చెప్పినారు. నేను రికార్డు చేసి విన్నా. ఇకనించి ప్రశ్న అడిగినాక పది లెక్కపెడతా. మీలో ఎవరూ మాట్లాడకపోతే మళ్ళీ పది లెక్కపెడతా. జవాబు మాత్రం నేను చెప్పను."

చెప్పినంత తేలిక కాలేదు. మాట ఆపుకోవడం ఆమెకు ఊపిరి బిగబట్టినట్టుండేది. చీర కొంగు చాటున వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేది. మొదటి రోజు ముప్పై దాకా పోయింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు, తొమ్మిదో వేలు మడిచాక, వెనక కుడి మూల నుంచి గంగాభవాని లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతు అప్పటిదాకా తరగతిలో గట్టిగా వినపడలేదు. తల్లితో నాట్లకు పోయినప్పుడు నడుము నొప్పి మర్చిపోవడానికి ఆడవాళ్ళు ఒకరినొకరు ఎట్లా ఆటపట్టించుకుంటారో, తప్పులతోనే, ఆగి ఆగి, ఇంగ్లీషులో చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. కరుణాకుమారి మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుంది.

ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్నది చాలా పొడుగు.

నవంబరు చివర విశ్వవిద్యాలయం వాళ్ళ పన్నెండు ప్రశ్నల కాగితం మామూలుగానే వచ్చింది. ఇప్పుడు పిల్లలు ప్రశ్నలు చదివారు. ఆలోచించి చుట్టారు. మొత్తం కలిపితే మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. సుశీల్ కుమార్ ఆ కాగితం ఆమె ముందు పెట్టి కళ్ళజోడు తీశారు.

"ఉన్న ఫైలు కూడా పాడు చేసుకున్నారు గదమ్మా. కమిటీ ముందు నేను ఏం చూపించేది?"

"సిలబస్ పూర్తి కాలేదు, దానికి రెండు వేసినారు సార్. అది నిజమే. అర్థమవుతోందా అన్నదానికి నాలుగున్నర వేసినారు. ఈసారి వాళ్ళు వేసింది నాకే సార్. ఇన్నాళ్ళూ వేసింది బస్సు టైముకు."

ఆయన నవ్వాపుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. "పరీక్ష పదో తారీకు," అన్నారు.

పరీక్షకు బయటినుంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరు తిరుపతి నుంచి అధ్యాపకులు, ఒకరు చెన్నై సంస్థ తరఫు మనిషి. లోపలికి కరుణాకుమారికి ప్రవేశం లేదు. తలుపుకున్న అద్దం దగ్గర వరండాలో నిలబడింది. ఒక్కొక్కరే లోపలికి పోయి వస్తున్నారు. మధుబాబు బాగానే చేశానన్నాడు. వాణికి చెమటలు పట్టాయి కానీ ఆగలేదంది. పెంచలకృష్ణను వాళ్ళ నాన్న పని గురించి అడిగారట. మూడు నిమిషాలు అయిపోయిందని గంట కొట్టినా వాడు రొయ్యల గురించి చెబుతూనే ఉన్నాడు. చెన్నై ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, మేత మిగిలితే ఏం చేస్తారని ఇంకో ప్రశ్న వేశాడు.

తర్వాత గంగాభవాని వెళ్ళింది. అద్దంలోంచి ఆ పిల్ల వీపూ, ఎదురుగా ఆ ముగ్గురూ కనపడుతున్నారు. చెన్నై ఆయన ఏదో అడిగాడు. గంగాభవాని కదల్లేదు. కరుణాకుమారి వేళ్ళు వాటంతటవే ముడుచుకోసాగాయి. నాలుగు. ఐదు. ఆయన పక్కవాళ్ళ వైపు చూశాడు. ఏడు. కాగితం మీద ఏదో రాయబోయి కలం ఎత్తాడు. ఇక అంతేననుకుంది. అప్పుడు గంగాభవాని చెయ్యి కొంచెం పైకెత్తింది. తలుపు సందులోంచి ఆ పిల్ల గొంతు వరండాలోకి వినపడింది. నేను ఆలోచిస్తున్నాను సార్, నాకు కొంచెం సమయం ఇవ్వండి అని, స్పష్టమైన ఇంగ్లీషులో. ఆయన కలం దించి, వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల ఇంకో నాలుగు క్షణాలు తీసుకుని, మొదలుపెట్టి, గంట కొట్టేదాకా ఆగలేదు.

వరండాలో కరుణాకుమారి గోడకు ఆనుకుంది. పెంచలకృష్ణ నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు.

నాలుగింటికి సుశీల్ కుమార్ బయటికొచ్చారు. చేతిలో కాగితం ఉంది. కళ్ళజోడు కళ్ళ మీదే ఉంది.

"యాభై మూడు," అన్నారు.

పిల్లలు ఒక్క క్షణం ఆగి, ఒక్కసారి గోల చేశారు. ఆయన చెయ్యెత్తి ఆపి, కోర్సు ఎక్కడికీ పోదనీ, జూన్‌లో మిగతా భాషల టీచర్లు కూడా ఆమె క్లాసులో వారం రోజులు వెనక బెంచీలో కూర్చుంటారనీ, తాను కూడా కూర్చుంటాననీ చెప్పారు. చెన్నై ఆయన వెళ్ళేముందు వచ్చి కరుణాకుమారికి నమస్కారం పెట్టి, ఆ అమ్మాయికి సమయం అడగడం ఎవరు నేర్పారు అని అడిగాడు.

"తనే నాకు నేర్పింది," అంది ఆమె.

గట్టెక్కని ఏడుగుర్నీ అక్కడే కూర్చోబెట్టింది. ఎక్కడ ఆగిపోయారో ఒకరిది ఒకరు రాశారు. ఆ ఏడు చీటీలు చదువుకుని సంచిలో పెట్టుకున్నాకే బస్టాపుకు నడిచింది.

నెల్లూరు బస్సు కిక్కిరిసి ఉంది. ముప్పై మంది దాకా ఆ తరగతి వాళ్ళే. పరీక్ష ఊపు ఇంకా దిగలేదు. సీటు జరగమనడం, కిటికీ వెయ్యమనడం, మధుబాబు చెప్పుల్ని ఎగతాళి చెయ్యడం, అన్నీ ఇంగ్లీషులోనే, తప్పో ఒప్పో, గొంతు చించుకుని. వెంకటాచలం దాటాక కండక్టరు టికెట్ల మిషను చంకలో పెట్టుకుని కరుణాకుమారి పక్కన ఆగాడు.

"ఏంది మేడం, ఈరోజు బస్సంతా ఇట్టా అరుస్తుండారు? మీరన్నా ఒక మాట చెప్పండి, కొంచెం ఆపుతారు."

"నేను చెప్పను," అంది కరుణాకుమారి. "నెల్లూరు దాటి పెన్నా బ్రిడ్జి దాకా అయినా సరే, అరవనీయండి."